అనుకొందము, ఫర్జ్ కరో : పరోక్ష నిరూపణమును గూర్చి కొన్ని మాటలు

తెలుగు బోధించుట వృత్తిగా గల మేము గణితమును గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. "ఎవరి పొలము వారు దున్నుకొనుట మేలు గదా" అని మా సహోద్యోగులలో ఒకరు నవ్వుచు అననే అనిరి. అయినను ఈ వ్యాసమునకు కారణమైన సంగతి తరగతి గదిలో మా కన్నుల యెదుటనే జరిగినది. అది గణిత దోషమా, భాషా దోషమా అని చాల దినములు ఆలోచించితిమి. తుదకు రెండును గలవని తేల్చుకొని, ఆ ఆలోచనను విద్యార్థుల ముందును, కళాశాల కార్యవర్గము వారి ముందును ఉంచుచున్నాము.

గత విద్యాసంవత్సరమున ఒకనాడు గణితాధ్యాపకులు సెలవులో నుండుటచే, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు తరగతికి ఆ గంటసేపు మమ్ము పంపిరి. వ్యాకరణము చెప్పబోగా విద్యార్థులు ముఖములు ముడుచుకొనిరి. సరే, మీకు బాగుగ వచ్చిన లెక్క యేదైన నల్లబల్ల మీద చేసి మాకు నేర్పుడని కోరితిమి. ముందు వరుసలోని విద్యార్థి యొకడు లేచి, 2 యొక్క వర్గమూలము అకరణీయ సంఖ్య కాదను నిరూపణమును ఎక్కడను తడబడక వ్రాసెను. పదవ తరగతిలో నేర్చినదట. వ్రాత ముత్యములవలె నుండెను. మాకు కొంత బోధపడి, కొంత పడక, "నాయనా, ఇదే విధముగా 4 యొక్క వర్గమూలమునకు చేయగలవా?" అని అడిగితిమి. మా ప్రశ్నలో కపటము లేదు; 3 అనియో 5 అనియో అనుటకు బదులు నోటికి 4 వచ్చినది, అంతియే. "ఎందుకు చేయలేను సార్!" అని అతడు 2 ఉన్నచోట 4 నుంచి, అదే వేగముతో వ్రాసి, "కావున √4 అకరణీయ సంఖ్య కాదు" అని క్రింద రెండు గీతలు గీచెను. నలువదిమంది విద్యార్థులును దానిని తమ నోటు పుస్తకములలో ఎక్కించుకొనుచుండిరి. అప్పుడు వెనుక వరుస నుండి ఒక బాలిక, లేవకయే, మెల్లగా, "సార్, నాలుగుకి వర్గమూలం రెండే కదా?" అనెను.

తరగతి గొల్లుమన్నది. బల్ల యొద్ద నున్న విద్యార్థి మాత్రము నవ్వలేదు. "మరి ఇందులో తప్పెక్కడ ఉంది సార్?" అని మమ్మడిగెను. మేము చెప్పలేకపోతిమి. తరగతిలో మరెవ్వరును చెప్పలేకపోయిరి. ఆ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుటకు గణిత శాఖలోని మిత్రుని ప్రక్కన రెండు సాయంకాలములు కూర్చుండవలసి వచ్చినది. అట్లు తెలిసికొన్నదానిని తెలుగున ఉన్నంతలో స్పష్టముగ చెప్పుటయే ఈ వ్యాసమునందలి మొదటి ప్రయత్నము.

మొదట సమత్వమును గూర్చి. బీజగణితమున మనము చేయు పనులలో అధికభాగము 'సమానము' అను ఒక్క మాటకు సేవ చేయుటయే. దానిని మన తెలుగున 'సమీకరణము' అన్నారు, అనగా సమము చేయుట. ఉర్దూలో 'ముసావాత్' అన్నారు. మనుష్యులందరు సమానులు అను సందర్భమున వాడు మాటయు అదియే. ఆల్జీబ్రా అను పేరు సయితము సమత్వము నుండియే పుట్టినది. ఖలీఫా అల్ మామూన్ కాలమున, అనగా 813 నుండి 833 వరకు గల కాలమున, బాగ్దాదు నగరమున పనిచేసిన మహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ తన గ్రంథము పేరున 'అల్ జబ్ర్', 'అల్ ముఖాబలా' అను రెండు మాటలుంచెను. ఒక ప్రక్క తగ్గియున్న రాశిని ఇరుప్రక్కల కలిపి పూరించుట జబ్ర్. ఇరుప్రక్కల నున్న సమాన రాశులను తీసివేయుట ముఖాబలా. ఆయన యిచ్చిన ఉదాహరణములలో ఒకదానిని నేటి గుర్తులతో వ్రాసిన ఇట్లుండును: య² = 40య − 4య². ఇరుప్రక్కల 4య² కలుపగా 5య² = 40య. ఇది జబ్ర్. తెలియని రాశిని ఆయన 'షై' అనెను, అనగా వస్తువు. మన ప్రాచీనులు దానినే 'యావత్తావత్' అని, కుదించి 'యా' అని వ్రాసిరి. మేమును ఆ 'య'నే వాడుచున్నాము. రెండు సమాంతర రేఖలతో కూడిన సమాన చిహ్నము మాత్రము చాల తరువాత, 1557లో, రాబర్ట్ రికార్డ్ అను వేల్సు దేశీయుని గ్రంథమున మొదట కనిపించినది. అట్టి జంట గీతలకంటె సమానమైనవి మరి రెండు వస్తువులు లేవని ఆయన తలచెను.

సమత్వ ధర్మములు పసివారికి సయితము తెలిసినట్లే యుండును. ప్రతి రాశియు తనకు తాను సమానము, ఇది పరావర్తనము. క = గ అయినచో గ = క; ఇది సౌష్ఠవము. క = గ, గ = చ అయినచో క = చ; ఇది సంక్రమణము. సమానములకు సమానములను కూడినను, సమానముల నుండి సమానములను తీసివేసినను, సమానములను సమానములతో గుణించినను ఫలములు సమానములే. ఒక రాశి యున్నచోట దానికి సమానమైన మరియొక దానిని ఉంచవచ్చును, ఇది ప్రతిక్షేపణము. వీనిలో కొన్నిటిని క్రీస్తుకు పూర్వము 300 ప్రాంతమున యూక్లిడ్ సామాన్య భావనలుగా తన గ్రంథారంభముననే చెప్పెను.

ఇంత తెలిసినవియే యైనచో వీనిని గూర్చి చెప్పవలసినదేమి? రెండు సంగతులు గలవు. మొదటిది, భాగహారమున కొక షరతు గలదు: సున్నతో భాగింపరాదు. రెండవది, కొన్ని దారులు ఒక వైపుననే పోవును. క = గ అయినచో క² = గ² అగును. కాని క² = గ² అయినంత మాత్రమున క = గ కానేరదు; 3, −3 అను రెండింటి వర్గమును 9 యే గదా! ఈ రెండు సంగతులు మరచినవాడు బీజగణితమున ఎంత దూరమైనను తప్పు దారిని సంతోషముగ పోగలడు.

ఇక పరోక్ష నిరూపణము. సరళమైన ఉదాహరణముతో మొదలిడుదము. 3య + 4 అను రాశి 19కి సమానము కాదని మనకు చెప్పినారు. య అనునది 5 కాదని నిరూపింపవలెను. నేరుగ పోవుటకు బదులు ఇట్లందుము: ఒకవేళ య = 5 అనుకొందము. ఇరుప్రక్కల 3 చేత గుణింపగా 3య = 15. ఇరుప్రక్కల 4 కూడగా 3య + 4 = 19. కాని 3య + 4 అనునది 19 కాదని ముందే చెప్పియున్నారు. ఒకే రాశి 19 అగుట, కాకుండుట రెండును పొసగవు. కావున మనము అనుకొన్నది తప్పు. య అనునది 5 కాదు. ఇంతే. ఇందులో మాయ లేదు. రెండు సమత్వ ధర్మములు, ఒక వైరుధ్యము, దాని నుండి వెనుకకు మరలుట.

ఈ పద్ధతి యే యొక్క జాతి సొత్తును గాదు. యూక్లిడ్ మొదటి గ్రంథమునందలి ఆరవ ప్రతిపాదన ఇట్లే నడచును. చతురస్రపు కర్ణమునకు, భుజమునకు సామాన్య కొలత గలదని అనుకొన్నచో బేసి సంఖ్యలు సరి సంఖ్యలకు సమానములగునని అరిస్టాటిల్ తన తర్క గ్రంథమున ఈ పద్ధతికి ఉదాహరణముగ పేర్కొనెను. అరబ్బీ తార్కికులు దీనిని 'ఖియాస్ అల్ ఖుల్ఫ్' అన్నారు. 980లో పుట్టి 1037లో గతించిన ఇబ్న్ సీనా దీనిని తన తర్క గ్రంథములందు చర్చించెను. మన న్యాయశాస్త్రమున దీనికి చుట్టమైనది 'తర్కము'. నిప్పు లేదని అనుకొన్నచో పొగయు ఉండరాదు, కాని పొగ కనుపించుచున్నది గదా అను ఉదాహరణము 17వ శతాబ్దపు అన్నంభట్టు తర్కసంగ్రహము చదివిన వారికి తెలిసినదే. గ్రీకు, అరబ్బీ, సంస్కృతము మూడింటను ఈ దారి కనబడుచున్నదనగా, అది మనుష్యుని బుద్ధికి సహజమైనదని మేము తలచుచున్నాము.

ఇప్పుడు నల్లబల్ల యొద్దకు మరలుదము. √2 అకరణీయ సంఖ్య యని అనుకొందము. అనగా √2 = ల/హ; ఇందు లవము 'ల', హారము 'హ' రెండును పూర్ణ సంఖ్యలు, వానికి 1 తప్ప సామాన్య కారణాంకము లేదు. ఇరుప్రక్కల 'హ' చేత గుణించి, పిదప వర్గము చేయగా 2హ² = ల². కావున ల² సరి సంఖ్య. బేసి సంఖ్య యొక్క వర్గము బేసియే గనుక, 'ల' సరి సంఖ్య కాక తప్పదు. ల = 2మ అని ప్రతిక్షేపింపగా 2హ² = 4మ². ఇరుప్రక్కల 2 చేత భాగింపగా (2 సున్న కాదు గనుక భాగింపవచ్చును) హ² = 2మ². కావున 'హ'యు సరి సంఖ్య. రెండును సరి సంఖ్యలైనచో 2 వానికి సామాన్య కారణాంకమగును. లేదని ముందే అనుకొన్నాము. వైరుధ్యము. √2 అకరణీయ సంఖ్య కాదు.

మన విద్యార్థి 4 నుంచినప్పుడు జరిగినదేమి? 4హ² = ల² వరకు అంతయు నిర్దోషము. కావున ల² ను 4 భాగించును, ఇదియు నిజమే. తరువాత అతడు "కావున 'ల' ను 4 భాగించును" అని వ్రాసెను. దొంగ దూరినది ఇచ్చటనే. 6 యొక్క వర్గము 36. దానిని 4 భాగించును. కాని 6 ను 4 భాగింపదు. 2 విషయమున ఆ అడుగునకు ఒక కారణము గలదు: బేసి వర్గము బేసి. 3, 5 మొదలగు ప్రధాన సంఖ్యలన్నిటికి అట్టి కారణమే గలదు. 4 ప్రధాన సంఖ్య కాదు గనుక దానికి లేదు. విద్యార్థి అడుగును నేర్చెను, కారణమును నేర్వలేదు. కారణము లేని అడుగు 2 వద్ద నిలిచినది, 4 వద్ద కూలినది.

మేము ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదియే. ప్రత్యక్ష నిరూపణమున తప్పుటడుగు వేసినవానికి తుదిని వచ్చు ఫలితము విడ్డూరముగ నుండి, తప్పు తానే బయటపడుట కలదు. పరోక్ష నిరూపణమున అట్లు గాదు. అచ్చట మనము వెదకునదే విడ్డూరము. వైరుధ్యము కనబడినంతనే "ఇదిగో దొరికినది" అని సంతోషింతుము. ఆ వైరుధ్యము మనము అనుకొన్న దాని నుండి వచ్చినదా, నడుమ మనము చేసిన పొరపాటు నుండి వచ్చినదా అని ఆగి చూడము. ఇంటిలో పాలు కాచినప్పుడు విరిగినవనుకొందము. గిన్నె శుభ్రముగ కడిగి యుండినచో పాలదే దోషమని పాలవానిని అడుగవచ్చును. గిన్నె కడుగనివానికి పాలవానిని అడుగు హక్కు లేదు. పరోక్ష నిరూపణమున అడుగడుగునకు కారణము వ్రాయుట గిన్నె కడుగుట వంటిది. అడుగులన్నియు శుద్ధములైనప్పుడే నింద ఊహ మీదికి పోవును.

సున్న చేయు ద్రోహమును సయితము ఇచ్చట చూపుట మంచిది. క = గ అనుకొందము. ఇరుప్రక్కల 'క' చేత గుణింపగా క² = కగ. గ² తీసివేయగా క² − గ² = కగ − గ². అనగా (క + గ)(క − గ) = గ(క − గ). ఇరుప్రక్కల (క − గ) చేత భాగింపగా క + గ = గ. క = గ గనుక 2గ = గ, అనగా 2 = 1. ఇది వైరుధ్యము; కావున క = గ కానేరదు, ప్రపంచమున ఏ రెండు రాశులును సమానములు కావు! చూచితిరా? ఊహలో ఏ దోషమును లేదు. దోషము (క − గ) చేత భాగించుటలో నున్నది; క = గ అయినప్పుడు అది సున్నయే గదా. సున్నతో భాగించుట వద్ద పెద్దలు సయితము తడబడిరి. పావులూరి మల్లన తెనిగించిన గణితసారసంగ్రహమునకు మూలకర్తయైన మహావీరాచార్యుడు, 9వ శతాబ్దమున, సున్నచే భాగింపబడిన రాశి మారక యుండునని వ్రాసెను. అంతటివారికే పొరపాటు కలిగినచో మన పిల్లలను పరిహసింప బనిలేదు. వారికి ఆ షరతును ప్రతిసారియు ప్రక్కన వ్రాయు అలవాటు చేయవలెను, అంతే.

ఇక భాషను గూర్చి, అనగా మా పొలమును గూర్చి. తెలుగున 'అనుకొను' అనుమాట రెండు పనులు చేయును. "వాన వస్తుందనుకున్నాను" అన్నప్పుడు అది నమ్మకము. "వాన వచ్చిందనుకో, అప్పుడేం చేస్తావు?" అన్నప్పుడు అది నమ్మకము కాదు, ఒక మాట కొరకు ఒప్పుకొనుట. పాఠ్యపుస్తకమున "√2 అకరణీయ సంఖ్య అనుకొందాం" అని చదివిన బాలుడు దానిని మొదటి అర్థమున గ్రహించి కలవరపడును. "నిజం కాదని తెలిసీ ఎందుకనుకోవాలి సార్? అబద్ధం కదా?" అని ఒకరు మమ్ము అడిగిరి. ఉర్దూ మాధ్యమము నుండి వచ్చిన మరియొక విద్యార్థి చిక్కు వేరు. ఉర్దూ గణితమున "అనుకొందము" అనుటకు "ఫర్జ్ కరో" అందురు. 'ఫర్జ్' అనగా విధి, తప్పక చేయవలసినది. ఐదు పూటల నమాజు ఫర్జ్. "తప్పని తెలిసినదాన్ని ఎలా ఫర్జ్ చేస్తాం సార్?" అని అతని సందేహము.

ఈ రెండు సందేహములును తెలివైనవే. రెండింటిని కలిపి చూచినచో సమాధానము దొరకును. అనుకొనుట నమ్ముట కాదు. తెలుగు మాటలోని రెండవ అర్థము దానిని చెప్పుచున్నది. కాని ఒకసారి అనుకొన్న తరువాత దానిని తుదివరకు పాటించుట విధి. ఉర్దూ మాట దానిని చెప్పుచున్నది. √2 = ల/హ అని అనుకొని, నడుమ "అది యెట్లును తప్పే గదా" అని అశ్రద్ధ చేయరాదు. ఎదుటివాని మాటను ఒప్పుకొన్నప్పుడు మనస్ఫూర్తిగ ఒప్పుకొని, అది యెచ్చటికి తీసికొనిపోవునో అచ్చటికి న్యాయముగ నడచి, గోడకు తగిలిన పిమ్మటనే "ఇక దారి లేదు" అని చెప్పవలెను. సగము దారిలో వెనుదిరిగినవానికి ఆ మాట తప్పని చెప్పు అధికారము లేదు. మా మట్టునకు మేము పరోక్ష నిరూపణమునందు చూచిన గొప్ప గుణము ఇదియే. మనకు నచ్చని మాటను కాదనుటకు ముందు, దానికి పూర్తి అవకాశమిచ్చు మర్యాద అందున్నది. ఇంటను, వీధిని, సభలందును ఆ మర్యాద ఎంత అరుదో చదువరులకు తెలియును. రుజువు వలె కనబడునదంతయు రుజువని నమ్మి నలువదిమంది నోటు పుస్తకములలో ఎక్కించుకొనుట మా కన్నుల చూచితిమి. చేతిలోని ఫోనునకు వచ్చు ప్రతి వార్తయు ఆ నల్లబల్ల మీది వ్రాత వంటిదే గదా. తీరు చక్కగ నుండును, నడుమ ఒక అడుగు మాత్రము చెడియుండును.

దీనికి ప్రతిగా చెప్పదగిన మాటలు లేకపోలేదు. పరోక్ష నిరూపణము ఒక సంగతి కాదని చెప్పును గాని, ఏది అగునో చెప్పదని కొందరందురు. నిజమే. √2 అకరణీయ సంఖ్య కాదని తెలిసినంత మాత్రమున దాని విలువ మన చేతికి రాదు. 20వ శతాబ్దారంభమున బ్రౌవర్ అను డచ్చి గణితవేత్త, ఒకటి లేదనుకొన్నచో వైరుధ్యము వచ్చినదని చెప్పి అది ఉన్నదనుటను అంగీకరింపలేదు. ఉన్నదనువాడు దానిని కట్టి చూపవలెననెను. √2 నిరూపణము 'కాదు' అనుచున్నదే గాని 'ఉన్నది' అనుటలేదు గనుక, దానికి ఆ ఆక్షేపణ తగులదు. నేరుగ సులభముగ తేలునపుడు చుట్టు దారిని పోవుట కూడ మంచిది కాదు. ఈ పద్ధతికి హద్దులు గలవని విద్యార్థులకు చెప్పుట అవసరమే.

రెండవ ఆక్షేపణ మరింత గట్టిది. అది మన కళాశాలకు చెందినది. పరీక్షలో √2 గాని, √3 గాని, √5 గాని వచ్చును. కంఠస్థము చేసినవానికి పూర్తి మార్కులు వచ్చును. ఫలితముల శాతము పెరుగును. కారణములు, షరతులు అని కాలము వ్యర్థము చేయుటయేల? ఈ మాట మా ఎదుట అన్నవారు చెడ్డవారు కారు. మన విద్యార్థులలో పెక్కుమంది తండ్రులు దినదినము కష్టించి ఫీజు కట్టువారు. మార్కులు వారికి విలాసము కాదు. ఆ సంగతి మాకు తెలియును. కాని కంఠస్థము చేసిన నిరూపణము అద్దెకు తెచ్చుకొన్న కోటు వంటిది. పెండ్లినాడు బాగుండును, మరునాడు తిరిగి ఇయ్యవలెను. ఒక పంక్తి మరచినవాడు తరువాతి పంక్తిని మరల కట్టుకొనలేడు. కారణము తెలిసినవాడు మరచినను కట్టుకొనగలడు. బల్ల యొద్ద నిలిచిన విద్యార్థి తెలివి తక్కువవాడు కాడు; తన దోషమెక్కడనో తెలిసికొనవలెనని తపించినవాడు అతడొక్కడే. అతనికి మనము అడుగులు ఇచ్చితిమి, కారణములు ఇయ్యలేదు. ఆ లోపము అతనిది కాదు, మన అధ్యాపకులందరిది. అందు మేమును ఉన్నాము. ఛందస్సు గణములను మేమును అట్లే వల్లె వేయించితిమి గదా.

కావున కార్యవర్గము వారికి మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది, కళాశాలలో జరుపు అంతర్గత పరీక్షలందు నిరూపణమునకు ప్రక్కన కారణముల వరుస ఒకటి ఉండవలెను. ఇరుప్రక్కల కూడితిమి, గుణించితిమి, 2 సున్న కాదు గనుక భాగించితిమి, ప్రతిక్షేపించితిమి అని ప్రతి అడుగునకు ఒక మాట చాలును. మార్కులలో కొంత భాగము ఆ వరుసకే కేటాయింపవలెను. రెండవది, ప్రతి పరీక్షలోను తప్పుగల నిరూపణము నొకదానిని ఇచ్చి, తప్పెక్కడనో చూపుమని అడుగవలెను. √4 లెక్క అందుకు చక్కగ సరిపోవును. దానిని కంఠస్థము చేయుట సాధ్యము కాదు.

మూడవది మా శాఖకును సంబంధించినది. మన కళాశాలలో తెలుగు మాధ్యమము నుండి వచ్చినవారును, ఉర్దూ మాధ్యమము నుండి వచ్చినవారును ఒకే బల్ల మీద కూర్చుందురు. ఇంగ్లీషు మాట ఒకటి వినబడినంతనే ఇరువురును తెల్లబోవుదురు. రెండు భాషలందును మాటలు లేక కాదు. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పాఠ్యగ్రంథములు సమకూర్చుటకై, అంతకు ముందే, 1917లో ఏర్పడిన అనువాద సంస్థ దారుల్ తర్జుమా గణితశాస్త్రమునకు ఉర్దూ పదములను సిద్ధపరచెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగు పదములకై అట్టి కృషియే చేసెను. ఆ రెండు కృషులును రెండు బీరువాలలో వేరువేరుగ నిలిచియున్నవి. గణిత, ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి నూరు మాటల పట్టిక నొకదానిని మూడు భాషలందును వ్రాసి తరగతి గోడల మీద అతికించినచో, ఖర్చు కాగితము, సిరా మాత్రమే. తెలుగు మాటల బాధ్యత వహించుటకు మేము సిద్ధముగ నున్నాము. 'అనుకొందము' ప్రక్కన 'ఫర్జ్ కరో' ఉన్ననాడు, రెండు భాషల పిల్లలును ఒకరి మాట ఒకరికి చెప్పుకొని, మాకు కలిగిన తెలివినే పొందగలరు.

విద్యార్థులకు ఒక్క మాట. నిరూపణము ముగిసిన వెంటనే రెండు గీతలు గీయకుడు. వచ్చిన ఫలితము మీకు ముందే తెలిసినదానితో పొసగుచున్నదా అని ఒక్క నిమిషము చూడుడు. పొసగనప్పుడు పై నుండి క్రింది వరకు ప్రతి అడుగును 'ఎందుచేత?' అని అడుగుడు. సమాధానము లేని అడుగు కనబడినచోట వ్రేలు పెట్టుడు. ఇంతకంటె గొప్ప గణితము మాకు తెలియదు. వెనుక వరుసలోని బాలిక చేసినది ఈ పనిలో సగము. ఆమెకు ఫలితము తప్పని తెలిసెను. బల్ల యొద్ద నిలిచిన విద్యార్థి చేసినది మిగిలిన సగము. తప్పెక్కడనో అతడు అడిగెను. ఆ యిద్దరు పరస్పరము మాటలాడుకొని యుండినచో మేము రెండు సాయంకాలములు శ్రమపడ నక్కర లేకపోయెడిది.

ఆ బాలిక తన మాటను లేవకయే, మెల్లగా చెప్పినది. నలువదిమంది వ్రాసికొనుచున్న దానిని కాదనుటకు జంకినది కాబోలును. వచ్చు సంవత్సరము అట్టి విద్యార్థి లేచి నిలిచి, అందరికి వినబడునట్లు, కారణముతో సహా ఆ మాట చెప్పగల తరగతి మన కళాశాలలో ఉండవలెనని మా కోరిక.